ఒక క్రియ పోయింది

పరిశోధన చేస్తున్న రోజుల్లో కుప్పంలో ఒక ఆసుపత్రికి జ్వరం మందుల కోసం వెళ్ళాను. డాక్టరు కోస్తా జిల్లాల నుంచి కొత్తగా వచ్చిన మనిషి. ఆయన ఎదురుగా స్టూలు మీద ఇరవై రెండో ఇరవై మూడో ఏళ్ళ అమ్మాయి కూర్చుని ఉంది. వాచిపోయిన మణికట్టును రెండో చేత్తో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. సరిహద్దు అవతలి పల్లె నుంచి వచ్చిందట. తమిళం తప్ప మాట్లాడటం లేదు. పక్కన ఆమె అత్తగారు చేతిసంచి పట్టుకుని నిలబడి ఉంది. నర్సు గుమ్మంలోకి వచ్చి "ఎవురికన్నా అరవం వొచ్చునా?" అని అడిగింది. నాకొచ్చు అన్నాను.

దెబ్బ ఎలా తగిలిందో కనుక్కోమన్నారు డాక్టరు. అడిగాను. ఆ అమ్మాయి తల ఎత్తకుండా రెండే రెండు మాటలు చెప్పింది. "ఇళుత్తారు. విళుందుట్టేన్." లాగాడు. పడిపోయాను.

నేను డాక్టరు వైపు తిరిగి "పడిపోయిందంటండీ" అన్నాను.

రెండు క్రియలు నా చెవిలో పడ్డాయి. ఒకటే నా నోట్లోంచి బయటికి వచ్చింది. డాక్టరు చీటీ మీద ఏదో రాసుకుని ఎక్స్‌రేకి పంపారు. ఆ అమ్మాయి లేచి వెళుతూ నా మొహంలోకి చూసింది. మా వైపు ఊళ్ళలో తెలుగు మాట్లాడనివాళ్ళకు కూడా తెలుగు వినడం వస్తుంది. నేనేం చెప్పానో ఆమెకు తెలుసు. ఏం చెప్పలేదో కూడా తెలుసు. ఆ చూపులో ఉన్నది కృతజ్ఞతో ఇంకొకటో ఇప్పటికీ నేను తేల్చుకోలేదు.

ఆ పని ఎందుకు చేశానో నాకు కారణాలు తెలుసు. అత్తగారు పక్కనే ఉంది. లాగాడు అంటే డాక్టరు పోలీసులకు తెలియజేయాల్సి వస్తుంది. సాయంత్రానికి ఆ అమ్మాయి మళ్ళీ ఆ ఇంటికే పోవాలి. ఇవన్నీ రెప్పపాటులో నా బుర్రలో తిరిగాయి. ఆమె మంచి కోసమే అనుకున్నాను. ఆమె మంచి ఏమిటో ఆమెను మాత్రం అడగలేదు. అప్పటికి నా పరిశోధన తెలుగులో స్త్రీ అనువాదకుల మీద! మూలవిధేయత గురించి నలభై పేజీల అధ్యాయం ఒకటి టైపు చేసి పెట్టుకుని ఉన్నాను.

---

మాది పుంగనూరు. డిగ్రీ మదనపల్లెలో, పిహెచ్.డి. కుప్పంలో. ఒకప్పటి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ఈ మూడూళ్ళ మధ్య తిరిగిన మనిషికి అనువాదం అనేది పుస్తకాల వ్యవహారంగా మొదలుకాదు. పుంగనూరు దాటితే ముళబాగిలు, కన్నడం. కుప్పానికి రెండు వైపులా రెండు రాష్ట్రాలు. మా వీధిలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళు నాలుగు ఉండేవి. మా అవ్వ ఏ బడికీ పోలేదు. తెలుగు, కన్నడం ధారాళంగానూ, అరవం పనికి సరిపడానూ వచ్చేది. గాజులమ్మ వచ్చినా, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు అత్తతో పోట్లాడినా, ఎదురింటి బాలింతకు మంత్రసాని చెప్పేది అర్థం కాకపోయినా మా అవ్వను పిలిచేవాళ్ళు. ఎవరూ దాన్ని పని అనలేదు. ఆమె కూడా అనుకోలేదు.

కుంపిణీ రోజుల్లో ఇట్లాంటి పని చేసేవాళ్ళను దుబాసీలు అన్నారు. వాళ్ళకు జీతం ఉండేది, పల్లకీలు ఉండేవి, చెన్నపట్నంలో మేడలు ఉండేవి. చరిత్ర పుస్తకాల్లో పేర్లూ ఉన్నాయి. అందరూ మగవాళ్ళే. దుబాసీ అనే మాటకు తెలుగులో స్త్రీలింగం నాకు ఎక్కడా కనిపించలేదు. ఆడవాళ్ళు ఆ పని చేయలేదా అంటే, చేసింది ఎక్కువగా వాళ్ళే. గడప దగ్గర చేశారు కాబట్టి లెక్కలోకి రాలేదు.

1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు దాని ఉద్దేశాల్లో ఒకటి దక్షిణాది భాషల మధ్య అనువాదం, తులనాత్మక అధ్యయనం. తక్కిన దక్షిణాది రాష్ట్రాలు కూడా దాని ఏర్పాటుకు చేయి కలిపాయి. ఊరు ఎంపిక చాలా సరైనది అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఆ శ్రీనివాసవనంలో గ్రంథాలయం నుంచి బయటికి వచ్చి టీ బంకు దగ్గర నిలబడితే మూడు భాషలు ఒకే వాక్యంలో వినపడతాయి. అక్కడే నేను పి. సత్యవతి గారి అనువాదాలు చదివాను. అంతకుముందు ఆమె నాకు కథకురాలు మాత్రమే.

---

సత్యవతి 1940లో గుంటూరు జిల్లా కొలకలూరులో పుట్టారు. విజయవాడలో ఇంగ్లీషు లెక్చరరుగా పనిచేశారు. నవలలూ రాశారు, కథలూ రాశారు. కానీ తెలుగు పాఠకులందరికీ, ముఖ్యంగా ఆడవాళ్ళకు ఆమె పేరు చెప్పగానే గుర్తొచ్చేది 'ఇల్లలకగానే' కథ. "ఇల్లలకగానే పండగౌతుందా" అన్న సామెతలో సగం ముక్కను శీర్షికగా తీసుకున్న కథ. బాగా చదువుకున్న, పాడటం వచ్చిన అమ్మాయి పెళ్ళయ్యాక ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోతుంది. భర్తను అడిగితే నవ్వుతాడు. పిల్లలకు ఆమె అమ్మ. పొరుగావిడకు ఫలానా ఇంటావిడ. పుట్టింటికి వెళ్ళి అడిగితే వాళ్ళకు అమ్మాయి. చివరికి పాత స్నేహితురాలు నోరారా పిలిస్తే గుర్తొస్తుంది. తెలుగు తెలియనివాళ్ళు కూడా ఇంగ్లీషులో ఈ కథను చదివి ఉంటారు, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది కాబట్టి.

ఈ కథ రాసిన మనిషి తరవాతి కాలంలో ఎక్కువ శ్రమ పెట్టింది అనువాదాల మీద. ఇస్మత్ చుగ్తాయ్ కథలు తెచ్చారు. ఎ. రేవతి జీవితాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెచ్చారు. దానికి సాహిత్య అకాడెమీ 2019 అనువాద పురస్కారం వచ్చింది. నన్ను చాలా రోజులు వేధించిన విషయం ఏమిటంటే, పేరు మరిచిపోయిన ఇల్లాలి కథ రాసిన రచయిత్రి, మనిషి పేరును అందరికన్నా త్వరగా మరిచిపోయే పనికే ఎందుకు వెళ్ళారు? పుస్తకం అట్ట మీద అనువాదకురాలి పేరు ఉన్నా పాఠకుల నోట ఉండదు. "రేవతి ఆత్మకథ చదివాను" అంటాం. "సత్యవతి రేవతి చదివాను" అనం.

తెలుగులో అనువాదానికి మనం ఇచ్చే అతి పెద్ద మెచ్చుకోలు గుర్తుందా? "అనువాదంలా లేదండీ" అంటాం. నేనూ సమీక్షల్లో రాశాను. ఈ మాటే ఇంకో చోట కూడా విన్నాను. కోడల్ని మెచ్చుకునేటప్పుడు. "ఇంట్లో ఉన్నట్టే తెలియదమ్మా ఆ పిల్ల." పని అంతా జరిగిపోవాలి, చేసిన మనిషి కనపడకూడదు. అలికిన ఇల్లు మెరవాలి, అలికిన చేతి గుర్తులు ఉండకూడదు. మంచి అనువాదకురాలికీ మంచి కోడలికీ మనం పెట్టిన పరీక్ష ఒకటే అయినప్పుడు, అనువాదంలో ఆడవాళ్ళు ఎక్కువగా ఎందుకు కనపడతారో విడిగా పరిశోధన చేయనక్కర్లేదు.

ఇది తెలుగుదేశపు జాడ్యం మాత్రమే కాదు. జర్మన్‌లో షేక్‌స్పియర్ అంటే రెండు శతాబ్దాలుగా ష్లేగల్-టీక్ అనువాదం అంటారు. రెండూ మగవాళ్ళ పేర్లే. ఆ టీక్, లుడ్విగ్ టీక్, పెద్ద రచయిత. నిజానికి ఆయన వాటాకు వచ్చిన నాటకాలను అనువదించింది ఆయన కాదు. కొన్ని కూతురు డొరొథియా టీక్ చేసింది, తక్కినవి బౌడిసిన్ అనే ఆయన చేశాడు. 'మాక్‌బెత్' డొరొథియాదే. ఆమె పేరు పుస్తకం మీదకు రాలేదు. తండ్రి ఇంటిపేరు తనదీ కాబట్టి ఒక రకంగా వచ్చింది అనుకోవాలేమో! ఆమె రాసిన ఒక ఉత్తరంలో మాట మాత్రం మనసును కోసేస్తుంది. సొంతంగా ఏదైనా సృష్టించే శక్తి ఆడవాళ్ళకు ఇవ్వబడలేదు కాబట్టి, అనువాదం మగవాళ్ళకన్నా ఆడవాళ్ళకు తగిన పని అనే అర్థంలో రాసింది. తండ్రి చేతికింద పెరిగిన, అంత చదువుకున్న మనిషి! అదే భాషలో 1981లో ఎల్ఫ్రీడ యెలినెక్ అనే ఆస్ట్రియా నవలా రచయిత్రి పించన్ రాసిన బండరాయి లాంటి అమెరికన్ నవలను ఇంకొకరితో కలిసి అనువదించింది. ఆమెకు 2004లో నోబెల్ వచ్చింది. సృష్టి వేరు, అనువాదం వేరు అనే గోడను ఆమె పట్టించుకున్నట్టు కనపడదు.

మన వైపు చూసినా నవలాకారిణులు ఆ గోడను ఎప్పుడూ దాటుతూనే ఉన్నారు. మాలతీ చందూర్ 'పాత కెరటాలు'తో ప్రపంచ నవలలను కుదించి ఇంటింటికీ చేర్చారు. (కుదించడం అంటే క్రియలు తీసేయడమే కదా, ఆమెను ఎవరూ తప్పు పట్టలేదు. నేనూ పట్టను. మా అమ్మ టాల్‌స్టాయ్‌ని చదివింది అక్కడే.) ఓల్గా 'స్వేచ్ఛ' లాంటి నవలలు రాస్తూనే కొల్లొంతాయ్‌ను, ఒరియానా ఫలాచీని తెలుగు చేశారు. అయినా ఉద్యోగం కోసం నేను వెళ్ళిన ఒక కళాశాల ఇంటర్వ్యూలో, నా రెండు అనువాద పుస్తకాలనూ తిరగేసి పక్కన పెట్టి ఒక పెద్దమనిషి అడిగాడు: "ఇవి సరేనమ్మా, సొంతంగా ఏం రాశావు?" యూజీసీ 2018 నిబంధనల పట్టికలో జాతీయ స్థాయి ప్రచురణకర్త వేసిన సొంత పుస్తకానికి 10 మార్కులు, అనువాద గ్రంథానికి 8. పట్టిక ఆ పెద్దమనిషి కన్నా చాలా నయం.

---

మదనపల్లెలో చదివే రోజుల్లో కాలేజీ పిల్లలందరికీ ఒక కథ కంఠతా వచ్చేది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ టాగోర్ మా ఊరికి వచ్చారు. అనీబిసెంట్ స్థాపించిన థియసాఫికల్ కళాశాలలో బస చేశారు. అక్కడ 'జనగణమన' పాడారు, అక్కడే దాన్ని తానే ఇంగ్లీషులోకి అనువదించారు. ఆ పాట 1950 జనవరి 24న జాతీయగీతం అయింది. ఊరికి అదొక కిరీటం. ఈ కథలో మార్గరెట్ కజిన్స్ పేరు ఉంటుంది. కానీ ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ గారి భార్యగా ఉంటుంది. పాట విని స్వరలిపి రాసి పెట్టింది ఆమె. సంగీతంలో పట్టా ఉన్న మనిషి. ఐర్లండులో స్త్రీల ఓటు హక్కు కోసం కొట్లాడి జైలుకు పోయి వచ్చిన మనిషి. 1917లో ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ నెలకొల్పిన వాళ్ళలో ఒకామె, 1927లో అఖిల భారత మహిళా సభ పుట్టుకకు ముఖ్య కారకురాలు. ఇవేవీ మా కాలేజీ కథలోకి రాలేదు.

ఆ రోజుల్లో నాకు ఇది అన్యాయం అని మాత్రమే అనిపించేది. పేరు మింగేశారు అని కోపం. ఇప్పుడు ఇంకోలా చూస్తున్నాను. గొంతులో ఉన్నదాన్ని కాగితం మీదకు తేవడం కూడా అనువాదమే. పాడే మనిషి ప్రతిసారీ ఒకేలా పాడడు. ఆరోజు వినిపించిన దీర్ఘాల్లో, విరుపుల్లో ఏది ఉంచాలో ఏది వదలాలో తేల్చుకున్నది మార్గరెట్. కలం పట్టిన చెయ్యి ఎంచుకోక తప్పదు. అంటే ఆమె పేరు లేకపోవడంలో రెండు నష్టాలున్నాయి. దక్కాల్సిన గౌరవం దక్కలేదు అన్నది ఒకటి. ఎంచుకున్నది ఎవరో అడగడానికి లేకుండా పోయింది అన్నది రెండోది. మొదటి నష్టం గురించి స్త్రీవాదులం బాగా మాట్లాడాం. రెండోదాన్ని గురించి నాకు తెలిసి తక్కువ మాట్లాడాం.

కుప్పం ఆసుపత్రి చీటీ గుర్తొచ్చేది ఇక్కడే. దాని మీద డాక్టరు సంతకం ఉంటుంది, రోగి పేరు ఉంటుంది. పడటం వల్ల దెబ్బ అని ఉంటుంది. నా పేరు ఉండదు. ఆ మాటను ఆ రూపంలోకి తెచ్చింది నేనని ఎక్కడా ఉండదు. రేపు ఎప్పుడైనా ఆ అమ్మాయి కేసు వేయాలనుకుంటే, ఆరోజు నువ్వే పడ్డానన్నావు కదా అని ఆ కాగితం చూపిస్తారు. నేను అన్నాను అని ఎవరూ అనరు. అన్నాళ్ళూ అనువాదకుల అదృశ్యాన్ని అణచివేత అని రాస్తూ వచ్చిన నాకు, ఆ అదృశ్యం ఎంత చక్కటి చాటు ఇస్తుందో అప్పుడు తెలిసింది. పేరు కావాలని అడిగే మనం తప్పు కూడా మన పేరు మీదే రాయమని అడుగుతున్నామా? మెచ్చుకోళ్ళ దగ్గర "నేను", తప్పుల దగ్గర "మూలంలో అలా ఉంది" అంటే కుదరదు కదా.

---

రేవతి పుస్తకం దగ్గరికి రావాలి. రేవతిది తమిళనాడులో నామక్కల్ ప్రాంతపు పల్లె. మగపిల్లవాడిగా పుట్టిందని లోకం అనుకుంది, ఆమె అనుకోలేదు. ఇంట్లో అన్నల చేతుల్లో దెబ్బలు తింది. పారిపోయింది, ఢిల్లీ, బొంబాయి చూసింది. సెక్స్ వర్క్ చేసింది. తరవాత బెంగళూరులో సంగమ సంస్థలో పనిచేసింది. తమిళంలో రాసిన తన కథ మొదట అచ్చయింది తమిళంలో కాదు. వి. గీత చేసిన ఇంగ్లీషు అనువాదాన్ని పెంగ్విన్ 2010లో వేసింది. తమిళ పుస్తకం 'వెళ్ళై మొళి' 2011లో వచ్చింది. సత్యవతి తెలుగు చేసింది ఇంగ్లీషు నుంచి.

కుప్పంలో కూర్చుని ఈ దారి చూస్తే నవ్వూ వస్తుంది, బాధా వేస్తుంది. కుప్పం స్టేషను మీదుగానే తమిళనాడు నుంచి బెంగళూరు వెళ్ళే రైళ్ళు పోతాయి. రేవతి మాట్లాడే తమిళం మా ఊరి సంతలో వినపడుతుంది. ఆ మాట తెలుగులోకి రావడానికి ఇంగ్లీషు చుట్టూ తిరిగి రావాల్సి వచ్చింది. పరిశోధక విద్యార్థిగా నేను దీన్ని లోపంగా రాశాను. "పరోక్షానువాదం" అని పేరు కూడా పెట్టాను. ఇప్పుడా పేజీ చదివితే నా మీద నాకే చిరాకు. నాకు తమిళం నేరుగా వచ్చు. మధ్యలో ఇంగ్లీషు లేదు. రెండు మాటల వాక్యాన్ని ఒక గదిలో ఈ చివరి నుంచి ఆ చివరికి తీసుకుపోవడంలో సగం పారేశాను. భాష నేరుగా వచ్చినంత మాత్రాన మాట నేరుగా పోదు. చలం గీతాంజలిని తెచ్చింది బెంగాలీ నుంచి కాదు, ఇంగ్లీషు నుంచే. తెలుగు పాఠకులకు అది తక్కువ అనిపించలేదు.

రేవతి పుస్తకం లాంటిదాన్ని అనువదించేటప్పుడు "లాగాడు" అనే క్రియలు పేజీ పేజీకీ వస్తాయి. కొట్టారు. జుట్టు కత్తిరించారు. పోలీసులు అవమానించారు. ఆమె ఒంటి మీద జరిగినవి, ఆమె కావాలని చేయించుకున్నవి. మర్యాదస్తుల తెలుగులో వీటిలో చాలావాటికి మాటల్లేవు, ఉన్నా తిట్లుగా ఉన్నాయి. హిజ్రాలను పిలవడానికి తెలుగులో ఉన్న పాత మాటల్ని తలుచుకోండి. ప్రతి ఒక్కటీ రాయిలా విసరడానికి తయారైన మాటే. సత్యవతి శీర్షికలోనే 'హిజ్రా' అని ఉంచారు. దాని బదులు సంస్కృతంలోంచి ఒక మెత్తటి సమాసం తెచ్చి అతికించి ఉండవచ్చు. పాఠకులకు సుఖంగా ఉండేది. నాలాగా ఆలోచించే మనిషి అయితే ఆ పనే చేసేది, ఆమె మంచి కోసం.

ఒక విమర్శ ఉంది. నేనూ కొంతకాలం దాన్ని నమ్మాను. మధ్యతరగతి, చదువుకున్న, పెళ్ళయిన స్త్రీ హిజ్రా జీవితాన్ని 'నేను' అంటూ ఎట్లా రాస్తుంది? ఆ 'నేను' మీద ఆమెకు హక్కేమిటి? దళిత, ముస్లిం స్త్రీలు మన ఉద్యమాన్ని 1990ల నుంచీ అడిగిన ప్రశ్నకు ఇది దగ్గరి చుట్టం. ఎవరి గురించి ఎవరు మాట్లాడుతున్నారు అన్నది చాలా న్యాయమైన ప్రశ్న. కానీ అనువాదంలో ఒక తేడా ఉంది. రేవతి మాట్లాడటానికి ఎవరి కోసమూ ఎదురు చూడలేదు. 2004లోనే సాటి హిజ్రాల అనుభవాలను సేకరించి తమిళంలో పుస్తకం చేసింది. తరవాత తన కథ తనే రాసుకుంది. గీత, సత్యవతి ఆమె బదులు మాట్లాడలేదు. ఆమె తరవాత మాట్లాడారు. అనువాదం అనే మాటకు అర్థమే అది కదా, వెనక పలకడం. బదులు మాట్లాడటానికీ, తరవాత మాట్లాడటానికీ మధ్య ఉన్న దూరం చాలా సన్నటిది. ఆసుపత్రిలో నేను దాన్ని దాటాను. ఆ అమ్మాయి తరవాత మాట్లాడాల్సిన దాన్ని, ఆమె బదులు మాట్లాడాను.

ఇంకో పుస్తకం ఎదురు దిశలో పోయింది. ఓల్గా 'విముక్త' కథలను గౌరీ కృపానందన్ తమిళంలోకి 'మీట్చి'గా తెచ్చారు. దానికి 2015 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. అదే ఏడాది మూలానికి అకాడెమీ పురస్కారం వచ్చింది. తెలుగు నుంచి తమిళానికి నేరు దారి. సీత అరణ్యంలో శూర్పణఖనూ అహల్యనూ కలుసుకునే ఆ కథల్లో ఒక స్త్రీ తన అనుభవాన్ని ఇంకో స్త్రీకి చెబుతుంది, విన్న మనిషి దాన్ని తన బతుకులోకి తీసుకుంటుంది. అక్కడ శూర్పణఖ కథను మగకవులు ఎట్లా చెప్పారో మనకు తెలుసు. వేల ఏళ్ళ పాటు ఒకే క్రియ వదిలేస్తూ చెప్పారు.

---

ఆసుపత్రి సంగతి ఎవరితోనూ అనలేదు చాలా రోజులు. ఒక సంక్రాంతికి పుంగనూరు పోయినప్పుడు అవ్వతో చెప్పాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ వినింది. నన్ను సమర్థిస్తుంది అనుకున్నాను. ఆమె తరం అంతా "గమ్మునుండు" అనే మాట మీద సంసారాలు నెట్టుకొచ్చిన తరం.

"చెప్పొద్దని ఆ బిడ్డ చెప్పిందా?" అని అడిగింది.

లేదన్నాను.

"చెప్పమని చెప్పిందా?"

"నాతో చెప్పిందే డాక్టరుకు చెప్పమని కదవ్వా."

"మరి నువ్వెవురు మే మద్యలో ఆపేదానికి?" అంది. కాసేపు ఆగి, "నేనైతే అడిగేదాన్ని" అంది.

అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. ఒకామె ఏదన్నా ఘాటైన మాట అంటే, అవ్వ దాన్ని రెండో ఆమెకు చేర్చే ముందు ఒక్క క్షణం ఆగి, అన్న మనిషి వైపే చూసి ఆమె భాషలోనే "చెప్పేదా?" అని అడిగేది. కొందరు చెప్పమనేవాళ్ళు. కొందరు వద్దులే అనేవాళ్ళు. కొందరు మాట మార్చేవాళ్ళు. పిల్లలం మాకు అది నవ్వుగా ఉండేది, ఇదేం పంచాయితీ అని. అనువాద సిద్ధాంతాల మీద నేను చదివిన పుస్తకాల్లో ఈ "చెప్పేదా?"కు స్థానం ఉన్నట్టు నాకు గుర్తులేదు. పుస్తకాలు చాలావరకు వచనానికి విధేయత గురించి మాట్లాడతాయి. వచనం తిరిగి జవాబు చెప్పదు. మనిషి చెబుతుంది.

అవ్వ జవాబు నా సమస్యను పూర్తిగా తీర్చలేదని కూడా చెప్పాలి. అత్తగారి ముందు "చెప్పేదా?" అని తమిళంలో అడిగితే, అత్తగారికి తమిళం రాదా? ఆ అమ్మాయి ఇంకేం చెప్పగలదు? అడగడం కూడా అడిగే చోటును బట్టి ఉంటుంది. అవ్వ దగ్గర దీనికి జవాబు లేదు. "అత్తను బయిటికి పంపియ్యాల" అంది చివరికి. అంత తేలికా అంటే అంత తేలికే కావచ్చు. ఎక్స్‌రే గదిలోకి అత్తను రానివ్వరు. నేను తోడు వెళ్ళి ఉండవచ్చు. వెళ్ళలేదు. నా మందులు తీసుకుని బస్సెక్కాను.

---

కిందటి ఏడు కుప్పం దగ్గర ఒక పల్లెలో పొదుపు సంఘం సమావేశానికి వెళ్ళాను. మహిళల మాటల్ని నమోదు చేసే పని ఒకటి చేస్తున్నాను ఆ రోజుల్లో. అప్పు కట్టని ఒక సభ్యురాలిని అధికారి నిలదీస్తున్నాడు. ఆమెకు కోపం వస్తే తమిళంలోకి పోతోంది. ఆయనకు తమిళం రాదు. అందరూ నా వైపు చూశారు. ఆమె గబగబా చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇది: డబ్బు భర్త తీసుకున్నాడు, ఇప్పుడు ఇంట్లో లేడు.

ఆమెను వేపచెట్టు వైపు పక్కకు తీసుకువెళ్ళి, నేను చెప్పబోయే వాక్యాన్ని ముందు ఆమెకే తమిళంలో చెప్పాను. మీ ఆయన అప్పు తీసుకున్నాడు అని చెబుతాను, చెప్పేదా? అన్నాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "అవరు వాంగల. ఎన్నె వాంగ వెచ్చారు."

ఆయన తీసుకోలేదు. నా చేత తీయించినాడు.

వెనక్కి వచ్చి అలాగే చెప్పాను. అధికారి రాస్తున్నవాడు కలం ఆపి "భర్త తీసుకున్నాడని రాస్తే సరిపోతుంది కదమ్మా, రెండూ ఒకటే" అన్నాడు. కాదండీ, సంతకం ఈమెది, తీయించింది ఆయన, రెండూ ఉండాలి అన్నాను. ఆయన విసుక్కుని కొట్టేసి మళ్ళీ రాశాడు. ఎవరు చెప్పారని రాయాలి అని అడిగాడు. ఆమె తన పేరు చెప్పింది. తెలుగు చేసింది నేను అని నా పేరు కూడా రాయమన్నాను. అట్లాంటి గడి ఆ ఫారంలో లేదు. అడుగున ఖాళీలో రాశాడు. ఆమె ఆ కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా, కొట్టేసిన చోటు వేలితో చూపించి అక్కడ ముందేముండేదో చెప్పమని నన్ను అడిగింది.